పెద్దమ్మమ్మకి గుర్తుంటుంది, నాకెందుకుండదు?

చిన్నీ, బుజ్జీ,

మొన్న సెలవుల్లో నేను ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకొచ్చానో మర్చిపోయి నిలబడితే, మా అక్క హాల్లోంచి "పచ్చిమిరపకాయలకే!" అని అరిచింది. నాకు 72, తనకి 84. మీరు పడీ పడీ నవ్వి, నీకంటే పెద్దావిడకి గుర్తుంటే నీకెందుకుండదమ్మమ్మా అన్నారు. అప్పుడు ఒళ్లు మండి జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

వయసు మీద పడ్డాక మెదడు కాస్త కుంచించుకుపోవడం అందరికీ ఉన్నదే. కానీ ఎంత తగ్గిందన్న లెక్కతోనే మనిషి తెలివి తేలిపోదు. అమెరికాలో డేవిడ్ స్నోడన్ అనే ఆయన 1986లో క్రైస్తవ నన్స్ మీద పరిశోధన మొదలుపెట్టాడు. చివరికి 678 మంది చేరారు, అందరూ 75 దాటినవాళ్లే. పోయాక మా మెదడు తీసుకోండని రాసిచ్చారట, ఎంత ధైర్యం! వాళ్లలో సిస్టర్ మేరీ 101 ఏళ్లు బతికింది. ముసలితనంలోనూ జ్ఞాపకశక్తి పరీక్షల్లో మంచి మార్కులే. తీరా పోయాక చూస్తే, మెదడు నిండా మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ జబ్బు గుర్తులు: మచ్చలు, చిక్కుపడ్డ దారాల్లాంటి పోగులు. అంత పాడైనా ఆమె పని ఆగలేదు.

ఎలా ఆగలేదు? రాబర్టో కబెజా అనే ఆయన బృందం 2002లో ఒక సంగతి చూపించింది. స్కానర్‌లో పడుకోబెట్టి జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే, కుర్రవాళ్లకి నుదుటి వెనక మెదడు ముఖ్యంగా ఒక పక్కే పనిచేసింది. సరిగ్గా చెప్పలేకపోయిన పెద్దవాళ్లకీ అంతే. కుర్రవాళ్లతో సమానంగా చెప్పిన పెద్దవాళ్లకి మాత్రం రెండు పక్కలా పనిచేసింది. నిండు బిందె ఒక చేత్తో లేవకపోతే రెండో చెయ్యి కూడా వేస్తాం చూడండి, అలాగన్నమాట. ఆ రెండో చెయ్యి అందరికీ ఒకేలా అందదు.

చదువుకున్నవాళ్లకే అందుతుందా అంటే, మా అక్క ఐదో తరగతితో బడి మానేసింది. కాకపోతే పాతబస్తీలో కాపురం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఉర్దూ. మన హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారు, తోటి డాక్టర్లు డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన సన్నగిల్లే జబ్బు, వచ్చిన 648 మంది వివరాలు చూసి 2013లో ప్రచురించారు. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లకి ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందట. అక్షరం ముక్క రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. అది సగటు మాట. ఉర్దూ వల్లే మా అక్క ఇలా ఉందని నేను ఒట్టేసి చెప్పను.

ఇదంతా తనకి చదివి వినిపించాను. "ఆ కబుర్లకేం గానీ, పొయ్యి మీద పాలు పెట్టి ఎంతసేపైంది?" అంది.

మీ అమ్మమ్మ