ముందు తాడు కట్టేదెవరు?

నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కేవాళ్లకి బేస్ క్యాంప్ దాటగానే ఖుంబు ఐస్‌ఫాల్ ఎదురవుతుంది. ఇళ్లంత మంచు దిమ్మెలు, వాటి మధ్య అడుగు కనిపించని పగుళ్లు. ఈ మంచు రోజుకి సుమారు ఒక మీటరు కిందికి జరుగుతుంది కాబట్టి నిరుటి దారి ఈ ఏడాది ఉండదు. అందుకే ఏటా వసంతంలో అందరికంటే ముందు ఆ కొండ ప్రాంతపు జాతివాళ్లైన షెర్పాలు కొద్దిమంది అక్కడికి వెళ్లి పగుళ్ల మీద అల్యూమినియం నిచ్చెనలు అడ్డంగా పరుస్తారు. ఒకటి చాలకపోతే రెండుమూడు కలిపి తాళ్లతో బిగిస్తారు. వీళ్లని ఐస్‌ఫాల్ డాక్టర్లు అంటారు. తర్వాత వచ్చేవాళ్లు బూట్ల కింది ఉక్కు ముళ్లను నిచ్చెన మెట్లకి ఆనించి, కింద చీకటిని చూస్తూ ఒక్కో అడుగూ వేస్తారు. ఎండ తగిలితే మంచు వదులవుతుంది కనుక తెల్లవారేలోపే దాటెయ్యాలి.

2014 ఏప్రిల్ 18న ఈ దారి మీద మంచు విరిగిపడింది. చనిపోయిన 16 మందీ నేపాలీ పనివాళ్లే.

షెర్పాలకు ఆ బలం పుట్టుకతోనే వస్తుందని మనం తేలిగ్గా అనేస్తాం. అందులో కొంత నిజముంది. 8,848.86 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడోవంతే. హైదరాబాద్‌లో ఉన్న మనల్ని ఉన్నపళంగా అక్కడ దించితే కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పుతుంది. మెల్లగా ఎక్కితే శరీరం ఎర్ర రక్తకణాలను పెంచుకుంటుంది. కానీ రక్తం మరీ చిక్కబడితే గుండెకి భారం. టిబెటన్లలోనూ, వాళ్ల నుంచి విడివడిన షెర్పాల్లోనూ ఈపాస్1 అనే జన్యువుకున్న ఒక ప్రత్యేక రూపం ఆ పెరుగుదలకు కళ్లెం వేస్తుంది. జన్యువులోని ఈ ప్రత్యేక రూపం ఎప్పుడో అంతరించిపోయిన డెనిసోవన్ మానవుల నుంచి వచ్చిందని 2014లో తేలింది. షెర్పాల కండరాల్లోని మైటోకాండ్రియా (కణాల్లో శక్తిని తయారుచేసే భాగం) ఆక్సిజన్‌ను పొదుపుగా వాడుకుంటుందని 2017లో మరో పరిశోధన చూపించింది.

అయితే ఏ పగులు మీద నిచ్చెన వెయ్యాలో, ఎక్కడ వెనక్కి తిరగాలో ఏ జన్యువూ చెప్పదు. వాళ్ల ఒంటిని పొగిడి పొగిడి, వాళ్లు నేర్చుకున్న పనిని చాలాకాలం లెక్కలోకే తీసుకోలేదని నాకు గట్టిగా అనిపిస్తుంది. టెన్జింగ్ నార్గే 1935లో మూటలు మోసే కూలీగా ఎవరెస్ట్‌కి వెళ్లాడు. 1953 మే 29న శిఖరం మీద నిలబడేలోపు 18 ఏళ్ల అనుభవం గడించాడు. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు యాత్రా నాయకుడు విదేశీయుడే. షెర్పాల పెద్ద 'సర్దార్'గానే మిగిలాడు.

8,000 మీటర్లు దాటిన 14 శిఖరాల్లో 13 శిఖరాలను చలికాలంలో మొదట ఎక్కినవాళ్లలో ఒక్క నేపాలీ కూడా లేరు. వాటిలో 8 నేపాల్‌లోనో, దాని సరిహద్దులోనో ఉన్నవే! మిగిలిన ఒక్కటీ పాకిస్తాన్-చైనా సరిహద్దులోని కె2. 2021 జనవరి 16న పదిమంది నేపాలీలు, వాళ్లలో తొమ్మిదిమంది షెర్పాలు, దాన్ని చలికాలంలో ఎక్కారు. దారి వాళ్లే వేసుకున్నారు, తాళ్లు వాళ్లే కట్టుకున్నారు. శిఖరానికి కొద్ది దూరంలో ఆగి, అందరూ వచ్చాక జాతీయ గీతం పాడుతూ కలిసి అడుగుపెట్టారు.

ఇప్పుడు ఎవరెస్ట్ యాత్రల్లో ఎక్కువ భాగం నేపాలీ సంస్థలే నడుపుతున్నాయి. ఎవరెస్ట్ దగ్గరి ఖుంబు ప్రాంతంలోని ఫోర్ట్సే అనే ఊళ్లో పర్వతారోహణ బడి ఒకటి ఉంది. చలికాలంలో యాత్రలు లేనప్పుడు అక్కడి కుర్రాళ్లు, అమ్మాయిలు గడ్డకట్టిన జలపాతాల మీద గొడ్డలి దిగేస్తూ, పగుల్లో పడ్డ తోటి మనిషిని తాడుతో పైకి లాగడం నేర్చుకుంటారు.