లింకింగ్ వర్డ్స్ – అపోహలు, వాస్తవాలు: బట్టీ పట్టిన జాబితాతో బ్యాండ్ పెరగదు

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, మడివాళ వైపు పీజీల్లో ఉంటూ ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకి తయారయ్యే మన పిల్లల ఫోన్లలో ఒక పీడీఎఫ్ ఉంటుంది. పైన ‘ఇవి వాడితే 8 బ్యాండ్ గ్యారంటీ’ అని ఉంటుంది (బ్యాండ్ అంటే ఆ పరీక్షలో 9 దాకా ఇచ్చే స్కోరు). కింద మోర్‌ఓవర్, ఫర్దర్‌మోర్, నెవర్‌దిలెస్, కాన్సిక్వెంట్లీ అంటూ లింకింగ్ వర్డ్స్, అంటే వాక్యాల్ని కలిపే మాటల పొడుగాటి జాబితా. దాన్ని బట్టీ పట్టి, ప్రతి వాక్యం ముందూ ఒకటి తగిలించి, వ్యాసం దిద్దమని తెస్తారు. లిజనింగ్‌లో, స్పీకింగ్‌లో 7 దాటినవాళ్లు కూడా రైటింగ్‌లో 6 దగ్గరే ఆగిపోతారు. మళ్లీ ఫీజు కడతారు, మళ్లీ అదే జాబితా తిరగేస్తారు. ఉద్యోగంలో చేరినవాళ్ల క్లయింట్ మెయిళ్లలోనూ ఇదే జబ్బు కనిపిస్తుంది. డబ్బూ కాలమూ ఎక్కువగా తినేస్తున్నది ఈ ఒక్క అపోహే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: లింకింగ్ వర్డ్స్ ఎన్ని ఎక్కువుంటే అన్ని మార్కులు

కాదు. మార్కులు ఎలా వేస్తారన్నది రహస్యమేమీ కాదు, ఏ బ్యాండ్‌కి రాత ఎలా ఉండాలో చెప్పే బ్యాండ్ డిస్క్రిప్టర్లు ఎవరైనా చదువుకోవచ్చు. రైటింగ్‌కి నాలుగు అంశాలు, ఒక్కోదానికి 25 శాతం. వాటిలో ఒకటి కోహెరెన్స్ అండ్ కోహెజన్, అంటే ఆలోచనల వరస, వాక్యాల అతుకు. 5వ బ్యాండ్ దగ్గర, ఈ పదాల్ని అతిగా వాడటాన్ని లోపంగానే రాశారు. 6 దగ్గర వాక్యాల అతుకు ‘మెకానికల్’గా ఉండొచ్చని ఉంది. 9 దగ్గరికి వచ్చేసరికి, ఆ అతుకు మీదకి చదివేవాళ్ల దృష్టి దాదాపుగా పోకూడదు. అంటే పీడీఎఫ్‌లు నేర్పేదానికి సరిగ్గా ఎదురు దిక్కు. ప్రతి వాక్యం మొదట్లో ఒక పెద్ద మాట నిలబెడితే చదివేవాళ్ల చూపు దాని మీదే పడుతుంది.

ఒక పేరా దగ్గర పెట్టుకుని చూద్దాం. ఇలాంటివి వారానికి బోలెడు వస్తాయి:

‘ఫస్ట్‌లీ, ద మెట్రో ఈజ్ ఫాస్ట్. మోర్‌ఓవర్, ఇట్ ఈజ్ క్లీన్. ఫర్దర్‌మోర్, మెనీ పీపుల్ డు నాట్ యూజ్ ఇట్. హెన్స్, ద రోడ్స్ ఆర్ క్రౌడెడ్. ఇన్ అడిషన్, ద స్టేషన్స్ ఆర్ ఫార్ ఫ్రమ్ దేర్ హోమ్స్.’

గ్రామర్ ప్రకారం ఏ వాక్యానికి ఆ వాక్యం బాగానే ఉంది. అయినా చదువుతుంటే తల తిరుగుతుంది. మొదటి రెండు వాక్యాలూ మెట్రోని మెచ్చుకుంటున్నాయి. మూడోది ‘అయినా జనం ఎక్కట్లేదు’ అంటోంది, అక్కడ మాట దిశ మారింది. దిశ మారే చోట ఫర్దర్‌మోర్ పెడితే, చదివేవాళ్లు ఇంకో మెప్పు వస్తుందని ఎదురుచూసి దెబ్బతింటారు. ఆఖరి వాక్యం అసలు కొత్త విషయమే కాదు, జనం ఎందుకు ఎక్కట్లేదో చెప్పే కారణం. దానికి ఇన్ అడిషన్ తగిలించేసరికి అది కారణమన్న సంగతే పోయింది. పైగా అది ఉండాల్సింది మూడో వాక్యం పక్కన.

ఇప్పుడు ఇది చూడండి:

‘ద మెట్రో ఈజ్ ఫాస్ట్ అండ్ క్లీన్, బట్ మెనీ పీపుల్ స్టిల్ డు నాట్ యూజ్ ఇట్ బికాజ్ ద స్టేషన్స్ ఆర్ ఫార్ ఫ్రమ్ దేర్ హోమ్స్. దీజ్ పీపుల్ డ్రైవ్ టు వర్క్, సో ద రోడ్స్ స్టే క్రౌడెడ్.’

అయిదు పెద్ద మాటలు పోయాయి. అండ్, బట్, బికాజ్, సో మిగిలాయి. ఆరో తరగతి పిల్లలకి కూడా తెలిసిన మాటలే, కానీ ఆలోచన ఇప్పుడు ఒక వరసలో నడుస్తోంది. రెండో వాక్యం మొదట్లో ‘దీజ్ పీపుల్’ ఉంది చూశారా? మొదటి వాక్యాన్నీ రెండో వాక్యాన్నీ కలిపింది అదే. అది ఏ జాబితాలోనూ ఉండదు.

జాబితాలు చెప్పని అసలు సంగతి ఇదే. 1976లో మైకేల్ హాలిడే, రుఖయా హసన్ అనే భాషాశాస్త్రవేత్తలు ఇంగ్లిష్ వాక్యాలు ఒకదానితో ఒకటి ఏ ఏ దారుల్లో కలుస్తాయో ఐదు రకాలుగా విడదీసి చూపించారు. ఇట్, దే, దిస్ లాంటి మాటలతో వెనక్కి చూపించడం ఒకటి. ముందు వచ్చిన పదం బదులు వన్, డు, సో లాంటివి పెట్టడం ఒకటి. చెప్పకపోయినా తెలిసేదాన్ని వదిలేయడం ఒకటి. అదే పదాన్నో, దానికి దగ్గరి పదాన్నో మళ్లీ తేవడం ఒకటి. కలిపే మాటలు, అంటే కంజంక్షన్లు, మిగిలిన ఒక్కటి. మనవాళ్లు ఆ ఒక్కదాన్నే పట్టుకుని మిగతా నాలుగూ వదిలేస్తున్నారు.

ఆ నాలుగింటిలో ఆఫీసులోనూ పరీక్షలోనూ వెంటనే పనికొచ్చేది దిస్ పక్కన ఒక నౌన్ పెట్టడం. ‘ద పేమెంట్ సర్వర్ వెంట్ డౌన్ ఎట్ 2 ఎ.ఎం.’ అని రాశాక ‘మోర్‌ఓవర్’ అని మొదలుపెట్టొద్దు. ‘దిస్ ఔటేజ్ అఫెక్టెడ్ ఆల్ రీఫండ్స్’ అనండి. ఔటేజ్ అనే ఒక్క నౌన్ ముందు వాక్యం మొత్తాన్ని మోసుకొచ్చింది. వట్టి ‘దిస్’ అని వదిలేస్తే మాత్రం ప్రమాదం. ‘ద టీమ్ రీస్టార్టెడ్ ద సర్వర్ అండ్ లాస్ట్ ద లాగ్స్. దిస్ వాజ్ రిపోర్టెడ్.’ రిపోర్ట్ చేసింది రీస్టార్ట్ చేసినట్టా, లాగ్స్ పోయినట్టా? క్లయింట్ ఆ ఒక్క ప్రశ్న అడగడానికి ఇంకో మెయిల్ పెడతాడు, మీకు ఇంకో రోజు పోతుంది. దిస్ లాస్ అనో, దిస్ రీస్టార్ట్ అనో రాస్తే గొడవే ఉండదు.

వాక్యాన్ని పాత సంగతితో మొదలుపెట్టి కొత్త సంగతితో ముగించడం కూడా అలాంటిదే. ముందు వాక్యం ఔటేజ్ దగ్గర ఆగితే, తర్వాతిది ఔటేజ్‌తో మొదలవ్వాలి. చాలాసార్లు ఇంకే లింకింగ్ వర్డూ అక్కర్లేదు.

దిద్దుకోవడం ఇలా: పేరా రాశాక లింకింగ్ వర్డ్స్ అన్నీ పెన్సిల్‌తో కొట్టేయండి. ఇప్పుడు రెండేసి వాక్యాలు చదువుతూ, రెండోది దేనికి జవాబో తెలుగులోనే అడగండి. ‘ఎందుకు?’ అన్నదానికి జవాబైతే బికాజ్ గానీ సిన్స్ గానీ. ‘అయితే ఏమైంది?’ అన్నదానికైతే సో, లేకపోతే యాజ్ ఎ రిజల్ట్. మాట అడ్డం తిరిగితే బట్, ఆల్దో, హవెవర్. ‘ఏదీ, ఒకటి చూపించు’ అంటే ఫర్ ఎగ్జాంపుల్. అదే వాదనకి ఇంకో బలం చేరుస్తుంటేనే ఆల్సో గానీ మోర్‌ఓవర్ గానీ. ఏ ప్రశ్నకీ జవాబు కాకపోతే రెండు కారణాలుండొచ్చు. ఒకటి, ఆ వాక్యం అక్కడ ఉండాల్సింది కాదు, దాన్ని జరపాలి, లేదా తీసేయాలి. రెండు, ఏ మాటా లేకుండానే అది ముందు వాక్యానికి అతుక్కుంది, అప్పుడు దాన్ని అలాగే వదిలేయాలి. సంబంధం తేల్చుకోకుండా మాట వెతకడం మొదలుపెట్టారంటే మెట్రో పేరా లాంటిదే వస్తుంది.

‘అయితే 250 పదాల వ్యాసంలో ఎన్ని పెట్టాలి?’ అని అడిగేవాళ్లు ఉంటారు. ఇంతని లెక్కేమీ లేదు. పేరాకి మూడు, వాక్యానికి ఒకటి అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంకో భయం కూడా ఉంది. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు ‘బట్, సో రాస్తే చిన్నపిల్లల ఇంగ్లిష్ అనుకుంటారేమో’ అని తడబడతారు. ఆ భయం ఎక్కడినుంచి వస్తుందో తెలుసు, ఆ భయాన్నే పీడీఎఫ్‌లవాళ్లు సొమ్ము చేసుకుంటున్నారు. సరైన చోట పడ్డ బట్ మిమ్మల్ని ఎవరి ముందూ చిన్నబుచ్చదు. తప్పు చోట పడ్డ నెవర్‌దిలెస్ మాత్రం, అర్థం తెలియకుండా రాశారని పట్టిచ్చేస్తుంది.

అపోహ: ఆల్దోకి జతగా బట్, బికాజ్‌కి జతగా సో ఉండాలి

ఇది మన భాష నుంచి వచ్చే తప్పు, తెలివితక్కువతనం కాదు. ‘వర్షం పడుతున్నా కానీ వెళ్లాడు’, ‘ఎందుకంటే జ్వరం వచ్చింది కాబట్టి’ అని మనం రోజూ అంటాం, తెలుగులో ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. మన మాటలో అతుకు క్లాజు (క్రియతో కూడిన ఉపవాక్యం) చివర వస్తుంది: పడినా, పడితే, పడింది కాబట్టి. ఇంగ్లిష్‌లో అది క్లాజు తల దగ్గర కూర్చుంటుంది. మొదట్లో ఆల్దో పెట్టేశాక కూడా మనకి మధ్యలో ఏదో వెలితిగా అనిపించి బట్ పడిపోతుంది.

సూత్రం చిన్నది. రెండు క్లాజులకి ఒక్క కంజంక్షన్. ‘ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, హి వెంట్’ అనండి, లేదా ‘ఇట్ వాజ్ రెయినింగ్, బట్ హి వెంట్’ అనండి. నాట్ ఓన్లీ – బట్ ఆల్సో, ఐదర్ – ఆర్ లాంటివి పుట్టుకతోనే జంటలు, వాటి సంగతి వేరు. ఇఫ్‌తో దెన్ కూడా వస్తే తప్పు లేదు.

అన్‌లెస్ కూడా ఇక్కడే కాలు జారేలా చేస్తుంది. ‘నువ్వు రాకపోతే తప్ప’ అనుకుంటూ ‘అన్‌లెస్ యూ డోంట్ కమ్’ అని రాసేస్తారు. అన్‌లెస్ కడుపులోనే నాట్ ఉంది. ‘అన్‌లెస్ యూ కమ్’ చాలు.

బెంగళూరు ఆఫీసుల్లో ఇంకొకటి వినిపిస్తుంది: ‘బిల్డ్ ఫెయిల్డ్ మీన్స్, ఇన్‌ఫామ్ మీ.’ తెలుగులో ‘అంటే’, కన్నడలో ‘అందరె’, తమిళంలో ‘న్నా’ ఇలాగే నడుస్తాయి కాబట్టి టీములో ఎవరూ పట్టించుకోరు. అందరికీ అర్థమైపోతుంది. అదే వాక్యం లండన్‌కో డల్లస్‌కో వెళ్తే అక్కడ చదివేవాళ్లు ఆగిపోతారు. ‘ఇఫ్ ద బిల్డ్ ఫెయిల్స్, ఇన్‌ఫామ్ మీ’ అని రాయాలి. మన భాషలన్నీ ఒకేలా తప్పు చేయిస్తున్నప్పుడు పక్క సీటువాళ్లతో చదివించుకున్నా తప్పు దొరకదు. అందుకని ఇదొక్కటి ఎవరికి వాళ్లే గుర్తుపెట్టుకుని చూసుకోవాలి.

అపోహ: హవెవర్ అంటే కాస్త గొప్ప బట్

అర్థం దగ్గరే, పని వేరు. బట్ రెండు క్లాజుల్ని ఒకే వాక్యంగా కడుతుంది, ముందు కామా చాలు. హవెవర్‌కి ఆ శక్తి లేదు, అది క్రియావిశేషణం. ‘వి టెస్టెడ్ ఇట్, హవెవర్ ద బగ్ రిమెయిన్డ్’ అంటే రెండు వాక్యాల్ని ఒక్క కామాతో అతికించినట్టు, తప్పు. హవెవర్ ముందు ఫుల్‌స్టాప్ గానీ సెమీకోలన్ గానీ పెట్టాలి, తర్వాత కామా పెట్టాలి. దేర్‌ఫోర్, మోర్‌ఓవర్, నెవర్‌దిలెస్‌లకీ ముందు ఇదే నియమం. సెమీకోలన్ అంటే బెరుకు ఉంటే ఫుల్‌స్టాప్ పెట్టేయండి, మార్కులేమీ పోవు.

అపోహ: అండ్, బట్, బికాజ్‌లతో వాక్యం మొదలుపెట్టకూడదు

బడిలో పెట్టిన కట్టుబాటే తప్ప గ్రామర్ నియమం కాదు. అండ్, బట్‌లతో మొదలుపెట్టొచ్చు. అకడమిక్ రాతలో మరీ తరచుగా వద్దు, అంతే. బికాజ్‌తో మొదలుపెడితే కామా తర్వాత అసలు క్లాజు రావాలి: ‘బికాజ్ ద లింక్ వాజ్ బ్రోకెన్, వి రీసెంట్ ద మెయిల్.’ ‘బికాజ్ ద లింక్ వాజ్ బ్రోకెన్’ అని ఫుల్‌స్టాప్ పెడితేనే తప్పు. చిన్నపిల్లలు ఆ తప్పు చేయకుండా టీచర్లు మొత్తానికే వద్దన్నారు, అది పెద్దయ్యాక కూడా వెంటే వచ్చింది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. డిస్పైట్ పక్కన ఆఫ్ రాదు, ఇన్ స్పైట్‌కే ఆఫ్. రెండింటి తర్వాతా నౌన్ గానీ ఐఎన్‌జీ రూపం గానీ రావాలి, పూర్తి క్లాజు కావాలంటే ఆల్దో వాడండి. డ్యూ టు కూడా అంతే: ‘డ్యూ టు హి వాజ్ ఇల్’ కాదు, ‘డ్యూ టు హిజ్ ఇల్‌నెస్’. ఈవెన్ ఒక్కటే ‘అయినప్పటికీ’ అవ్వదు, ఈవెన్ దో కావాలి. ఎట్ ఫస్ట్ అంటే మొదట్లో అలా ఉండి తర్వాత మారిందని అర్థం, పాయింట్లు లెక్కపెట్టడానికి ఫస్ట్ చాలు. ఆన్ ద కాంట్రరీ ముందు మాట తప్పని ఖండించడానికి మాత్రమే. రెండో వైపు చూపించాలంటే ఆన్ ద అదర్ హ్యాండ్. ‘లాస్ట్ బట్ నాట్ ద లీస్ట్’లో ద ఉండదు, నిజానికి వ్యాసంలో ఆ మాటే అక్కర్లేదు. ‘సచ్ యాజ్’ అని మొదలుపెట్టి చివర ఎట్‌సెట్రా పెట్టొద్దు, అవి కొన్ని ఉదాహరణలేనని సచ్ యాజ్ అప్పటికే చెప్పేసింది. ‘ద రీజన్ ఈజ్ బికాజ్’ బదులు ‘ద రీజన్ ఈజ్ దట్’.

ఇన్ కన్‌క్లూజన్ ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ టాస్క్ 2లో, అంటే వ్యాసంలో, ఆఖరి పేరాకి సరిపోతుంది. గ్రాఫ్ లాంటిది వివరించే అకడమిక్ టాస్క్ 1లో ముగింపు రాయక్కర్లేదు. గ్రాఫ్ మొత్తమ్మీద ఏం చెబుతోందో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పాలి, దానికి ఓవరాల్ అన్న మాట చాలు. మెయిల్‌లో ఈ రెండూ అక్కర్లేదు. అవతలివాళ్లు ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో ఆఖరి వాక్యంలో రాసి పంపేయండి.