హాకీ, కందుకూరు, టీవీ కెమెరాలు: కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను కందుకూరులో పీఈటీని. ఇరవై ఏళ్ళకు పైబడి పిల్లలకు హాకీ నేర్పుతున్నాను. హాకీ గురించి జనంలో ఉన్న అపోహలు రాయండి సార్ అని మా పాత స్టూడెంట్ ఒకడు అడిగాడు. సరేనని కూర్చుంటే ఆట కంటే ముందు వేరే సంగతులు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. వాటి దగ్గరికీ వస్తాను. ముందు సులువైనవి కానిచ్చేద్దాం.

అపోహ: హాకీ మన జాతీయ క్రీడ.

వాస్తవం: కాదు. 2012లో లక్నోకు చెందిన ఒక బడిపిల్ల సమాచార హక్కు చట్టం కింద అడిగితే, ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్ర క్రీడల శాఖ జవాబిచ్చింది. జీకే పుస్తకాల్లో మాత్రం ఇప్పటికీ హాకీ అనే ఉంటుంది. దీని మీద మా బళ్ళో ప్రతి క్విజ్ పోటీకీ నాకూ సోషల్ సారుకూ పేచీయే.

అపోహ: ఎడమచేతి వాటం పిల్లలకు హాకీ పనికిరాదు.

వాస్తవం: వాళ్ళే ముందు అందుకుంటారు. ఎడమచేతి వాటం వాళ్ళకని వేరే హాకీ కర్ర ఉండదు, అందరికీ ఒకటే. కర్రకు ఒక వైపే చదునుగా ఉంటుంది, ఆ వైపుతోనే బంతిని కొట్టాలి. పట్టుకునేటప్పుడు ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద. కర్రను తిప్పే పనంతా పై చేతిదే, కింది చెయ్యి ఊరికే దారి చూపిస్తుంది. కుడిచేతి వాటం పిల్లలు మొదటి నెలంతా కింది చేత్తో తిప్పాలని చూసి మణికట్టు నొప్పి తెచ్చుకుంటారు. ఎడమచేతి వాటం వాడికి ఆ బాధ లేదు. "సార్, మావాడు ఎడమచెయ్యి, క్రికెట్‌కు పంపమంటారా?" అని అడిగే తండ్రులకు చెప్పేది ఇదే. ఒక నెల నా దగ్గర ఉంచండి, తర్వాత మీ ఇష్టం.

అపోహ: టర్ఫ్ లేని ఊళ్ళో హాకీ నేర్పి లాభం లేదు.

వాస్తవం: ఇది సగం నిజం, అందుకే బాధ. ఒలింపిక్స్‌లో కృత్రిమ టర్ఫ్ మీద హాకీ మొదలైంది 1976లో, మాంట్రియల్‌లో. అంతకుముందు పతకం లేకుండా తిరిగిరాని మన జట్టు ఆ ఏడు ఏడో స్థానంలో నిలిచింది. మా గ్రౌండ్‌లో ఉన్నది ఎర్రమట్టి, గులకరాళ్ళు, వేసవిలో పగుళ్ళు. బంతి ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. దీనివల్ల ఒక లాభముంది. మా పిల్లలు బంతి మీద నుంచి కన్ను తియ్యరు. నష్టం సెలక్షన్స్‌కు వెళ్ళినప్పుడు తెలుస్తుంది. టర్ఫ్ మీద బంతి జర్రున జారిపోతుంటే మొదటి పూటంతా వీళ్ళు గాల్లో కర్ర ఊపుతుంటారు. సాయంత్రానికి కుదురుకుంటారు గానీ అప్పటికి పేర్లు రాసేసుంటారు.

అపోహ: హాకీకి అభిమానులెవరూ లేరు.

వాస్తవం: 2021 ఆగస్టు 5న టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం కోసం జర్మనీతో మ్యాచ్. మనకు పొద్దున ఏడింటికి. కోవిడ్ వల్ల బళ్ళు ఇంకా తెరవలేదు. మా పిల్లలు పదకొండు మంది, ముగ్గురు తండ్రులు, నేను, టీ అంగడాయన టీవీ ముందు. 3-1తో వెనకబడి 5-4తో గెలిచాం. ఆఖరి క్షణాల్లో జర్మనీకి పెనాల్టీ కార్నర్ వచ్చింది. మన గోల్‌కీపర్ శ్రీజేష్ ఆ బంతిని ఆపేసరికి టీ అంగడాయన పాలు పొంగిపోయి పొయ్యి ఆరిపోయింది. 41 ఏళ్ళ తర్వాత వచ్చిన పతకం అది. హాకీ స్టిక్‌కూ బ్యాట్‌కూ తేడా అడిగే మనిషి ఆ రోజు మాకు డబ్బు తీసుకోకుండా టీ పోశాడు.

2024 పారిస్‌లో ఇంకా ఘోరం. బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్లో మన డిఫెండర్ రోహిదాస్‌కు రెడ్ కార్డు చూపించారు. అక్కడి నుంచి ఆట చివరి దాకా పది మందితోనే ఆడి షూటౌట్‌లో 4-2తో గెలిచారు. తర్వాత స్పెయిన్ మీద గెలిచి మళ్ళీ కాంస్యం. మర్నాడు గ్రౌండ్‌లో తొమ్మిది మంది పిల్లలు మేం గోల్‌కీపర్ అవుతాం సార్ అన్నారు. ఉన్న ప్యాడ్లు ఒక జత, దానికీ పట్టీ తెగింది.

అభిమానులున్నారండీ. కెమెరా ఎటు తిరిగుంటే వాళ్ళే కనబడతారు, అంతే. అసలు సంగతి ఇక్కడి నుంచి.

అపోహ: ఊరి పేరు టీవీలో వస్తే ఊరికి గొప్పే.

వాస్తవం: 2022 డిసెంబర్ 28, బుధవారం సాయంత్రం మా ఊళ్ళో రాజకీయ సభ. ఇరుకు రోడ్డు, పట్టనంత జనం. తోపులాటలో కొందరు పక్కనున్న డ్రైనేజీ కాలువలో పడిపోయారు. 8 మంది చనిపోయారు. ఆ రాత్రి నుంచి నాలుగు రోజులు మా ఊరి పేరు ప్రతి చానల్లోనూ ఉంది. అంతకుముందు మా అమ్మాయిలు జిల్లా కప్పు గెలిచిన రోజు జోన్ పేజీలో నాలుగు లైన్లు వేయించడానికి విలేకరికి ఏడుసార్లు ఫోన్ చేశాను. ఎనిమిదోసారి ఆయన ఫోను ఎత్తలేదు.

కొందరికి మేం ఏ జిల్లానో కూడా తెలియలేదు. ఒక స్క్రోలింగ్‌లో ప్రకాశం, ఇంకో దాంట్లో నెల్లూరు. ఇందులో వాళ్ళ తప్పు కొంతే. కందుకూరు మొదట నెల్లూరు జిల్లాలో ఉండేది, 1970లో ఇప్పటి ప్రకాశం జిల్లాను కొత్తగా చేసి అటు కలిపారు, 2022 ఏప్రిల్‌లో తిరిగి నెల్లూరుకు తెచ్చారు. మా తాత నెల్లూరు జిల్లా వాడిగా పోయాడు, మా నాన్న ప్రకాశం జిల్లాలో రిటైరయ్యాడు, నన్ను మళ్ళీ నెల్లూరులో వేశారు. ముగ్గురం ఒకే ఇంట్లో పుట్టాం. కాబట్టి జిల్లా తప్పు చెబితే నేను పట్టించుకోను.

పట్టించుకున్నది వేరే. ఆస్పత్రి గుమ్మంలో మనిషిని పోగొట్టుకుని కూలబడిన ఆడమనిషి నోటి దగ్గర మైకు పెట్టి "ఏమనిపిస్తోందమ్మా?" అని అడగడం. చనిపోయినవాళ్ళ ఫొటోల కోసం ఇళ్ళ ముందు కాచుక్కూర్చోవడం. దుఃఖంలో ఉన్నవాళ్ళ జోలికి వెళ్ళేటప్పుడు ఎలా మెలగాలో ప్రెస్ కౌన్సిల్ నియమావళిలో రాసి ఉంది. ఆ కౌన్సిల్ పత్రికలకే గానీ టీవీలకు కాదు. లోగో ఏదైనా మైకు మాత్రం ఒకేలా దూరింది.

మర్నాటి నుంచి చర్చలు. డ్రోన్ షాట్ల కోసం ఇరుకు సందులో సభ పెట్టారని ఒకరు, పోలీసులు బందోబస్తు ఇవ్వలేదని ఇంకొకరు. వారం తిరిగేసరికి రోడ్ల మీద సభలపై ప్రభుత్వం తెచ్చిన జీవో నంబర్ 1 మీదకు చర్చ మళ్ళింది, తర్వాత హైకోర్టు దాన్ని కొట్టేసింది కూడా. ఈ మాటల్లో ఎక్కడో కందుకూరు అన్నది ఊరి పేరు కాకుండా పోయి ఒక ఘటన పేరు అయి కూర్చుంది. మలకొండ నరసింహస్వామి గుడికి శనివారం బస్సులెక్కే ఊరు, పొగాకు వేలం నాడు బేళ్ళ బండ్లతో రోడ్లన్నీ నిండే ఊరు ఎవరి కెమెరాకూ అక్కర్లేదు.

రెండు నెలల తర్వాత పిల్లల్ని టోర్నమెంటుకు తీసుకెళ్ళాను. పేర్లు రాసుకునే బల్ల దగ్గర ఆయన తలెత్తి "ఓ, తొక్కిసలాట కందుకూరా?" అన్నాడు. చెడ్డగా అనలేదు పాపం, జాలిగానే అన్నాడు. పద్నాలుగేళ్ళ పిల్లలు పదహారు మంది నేల చూపులు చూశారు. మొదటి మ్యాచ్ 4-0తో ఓడిపోయాం.

అపోహ: తొక్కిసలాట అంటే జనం ఒళ్ళు తెలియకుండా ఒకర్నొకరు తొక్కి చంపుకోవడం.

వాస్తవం: "జనం ఎగబడ్డారు" అన్న మాట ఆ నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇది నా పనికి సంబంధించిన విషయం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. స్పోర్ట్స్ డే నాడు ఎనిమిది వందల మంది పిల్లల్ని ఒక్క గేటులోంచి బయటికి పంపేవాణ్ణి నేనే.

ఇలాంటి చోట్ల చాలామంది చనిపోయేది కాళ్ళ కింద పడి నలిగి కాదు, ఊపిరాడక. చదరపు మీటరుకు ఐదారుగురు దాటితే మనిషి నడక మనిషి చేతిలో ఉండదు. జనమంతా నీళ్ళలా ఒక్కటిగా ఊగుతారు. ఛాతీ ముందు నుంచీ వెనక నుంచీ ఒత్తుకుపోతుంది, నిలబడి ఉండగానే ఊపిరి ఆగుతుంది. ముందు ఏం జరుగుతోందో వెనకవాళ్ళకు తెలియదు. వాళ్ళు అడుగు ముందుకేస్తూనే ఉంటారు. అందులో దుర్మార్గం లేదు. దారి ఇరుకు, బయటికి తోవ లేదు, పక్కన మూతలేని కాలువ ఉంటే ఇంతే. మీరు గానీ మీ పిల్లలు గానీ అలాంటి గుంపులో చిక్కుకుంటే చేతులు రెండూ మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి, ఊపిరికి చోటుంటుంది. ఎదురు నెట్టొద్దు. జనం ఊగినప్పుడు ఊగి, ఆగినప్పుడు పక్కకు ఏటవాలుగా జరగండి. కింద పడ్డ సెల్‌ఫోన్ కోసం వంగొద్దు.

చనిపోయినవాళ్ళ మీదే తప్పు వేయడం మన దగ్గరే పుట్టలేదు. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండులోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ స్టేడియంలో ఇనప కంచెల మధ్య ఇరుక్కుని లివర్‌పూల్ అభిమానులు చనిపోయారు. మొత్తం 97 మంది. నాలుగు రోజులకే ఒక పెద్ద పత్రిక, అభిమానులు శవాల జేబులు కొట్టారని మొదటి పేజీలో అచ్చేసింది. అది అబద్ధం. అభిమానుల తప్పేమీ లేదని 2016లో జ్యూరీ తేల్చేదాకా 27 ఏళ్ళు పట్టింది. లివర్‌పూల్ ఊళ్ళో ఇప్పటికీ చాలా కొట్లలో ఆ పత్రిక అమ్మరు. ఊరి అభిమానం అంటే ఇది అని నాకు అనిపిస్తుంది. మా ఊళ్ళో అంత పట్టుదల లేదు. మరుసటి వారం అదే చానల్లో సీరియల్ చూశాం. మా ఇంట్లోనూ.

అపోహ: చావు జరిగిన ఊళ్ళో ఆటలేంటి?

వాస్తవం: ఈ మాట నాతో ఒక పెద్దాయనే అన్నాడు, నాలుగో రోజు గ్రౌండ్ తెరిచినప్పుడు. ఆయనకు ఎదురు చెప్పలేదు. పిల్లలకు మాత్రం ఒక కథ చెప్పాను.

కెనడాలో హంబోల్ట్ అని సుమారు ఆరు వేల జనాభా ఉన్న ఊరు. మన కందుకూరులో ఒక మూలకు సరిపోతుంది. వాళ్ళది మంచు మీద ఆడే ఐస్ హాకీ, మనది వేరు. ఆ ఊరి కుర్రాళ్ళ జట్టు 2018 ఏప్రిల్ 6న ప్లేఆఫ్ మ్యాచ్‌కు నిపావిన్ అనే ఊరికి బస్సులో వెళ్తుంటే అడ్డంగా వచ్చిన లారీకి ఆ బస్సు గుద్దుకుంది. 16 మంది చనిపోయారు, 13 మందికి గాయాలు. ప్లేఆఫ్స్ కదాని కుర్రాళ్ళంతా జుట్టుకు ఒకే పసుపు రంగు వేయించుకున్నారు. ఆ గందరగోళంలో ఒకర్ని ఇంకొకరనుకుని, బతికున్నవాడు పోయాడని ఒక ఇంటికి, పోయినవాడు బతికున్నాడని ఇంకో ఇంటికి చెప్పారు. మూడో రోజు గానీ ఆ తప్పు బయటపడలేదు. ప్రపంచంలో ఉన్న కెమెరాలన్నీ ఆ ఊరికి వచ్చాయి.

వాళ్ళు ఎక్కడ కలిసి ఏడ్చారో తెలుసా? తమ జట్టు ఆడే హాకీ స్టేడియంలో. దేశమంతా జనం ఇళ్ళ గుమ్మాల ముందు హాకీ కర్ర నిలబెట్టి లైటు వేసి ఉంచారు, పోయిన పిల్లలకు అవసరమవుతుందేమో అన్నట్టు. ఆ సెప్టెంబరులో జట్టు సొంత గడ్డ మీద మళ్ళీ ఆడింది. ఎదురుగా నిపావిన్ జట్టే.

మా పిల్లలు విన్నారు. మర్నాడు ప్రాక్టీసుకు వచ్చినవాళ్ళలో ఒకడు "మా గుమ్మం ముందు పెట్టాను సార్, రాత్రి ఎవరో ఎత్తుకుపోయారు" అన్నాడు. బడి కర్ర అది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

అపోహ: ఊరి మీద ప్రేమ ఉన్నవాడు ఊరి తప్పు ఒప్పుకోడు.

వాస్తవం: ఒప్పుకుంటాను. కాలువలకు మూతలుండవని, ఆ రోడ్డు ఇరుకని మాకు తెలియదా? రోజూ పోయే దారే. ఎవరం అడగలేదు. ఇంకో మాట చెప్పడానికి సిగ్గేస్తుంది. ఆ రాత్రి ఆస్పత్రి వీడియోలు నా ఫోనుకు మొదట పంపింది ఏ చానలూ కాదు, నేను నేర్పిన కుర్రాళ్ళే. ఒక్కొక్కరూ ముగ్గురికి, నలుగురికి పంపారు. మర్నాడు పిలిచి తీసేయించాను. అప్పటికి అవి ఎక్కడెక్కడ తిరిగాయో దేవుడికే తెలియాలి. మైకు పట్టుకున్నవాళ్ళను తిట్టేటప్పుడు ఇది గుర్తొచ్చి గొంతు కొంచెం తగ్గుతుంది. కొంచెమే.

ఏడాది నిండిన రోజు ఒక విలేకరి ఫోన్ చేశాడు. "సార్, మీరు లోకల్ కదా, ఆ స్పాట్ దగ్గర నిలబడి ఒక బైట్ ఇస్తారా?" అన్నాడు. ఇవ్వను గానీ ఆదివారం పొద్దున ఆరింటికి గ్రౌండ్‌కు రాబ్బాయ్, సింగరాయకొండ వాళ్ళతో మ్యాచ్ ఉంది, కావలసినంత తీసుకో అన్నాను. తప్పకుండా వస్తానన్నాడు. రాలేదు. మ్యాచ్ 1-1తో డ్రా అయింది. మా గోల్ కొట్టింది ఒక ఎడమచేతి వాటం పిల్లాడే.