సీఎస్ఈ రాకపోతే సాఫ్ట్‌వేర్ లేనట్టేనా? బ్రాంచి ఎంపిక మీద అపోహలు, వాస్తవాలు

ఇంజినీరింగ్ సీట్ల కోసం రాసే ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చినప్పటి నుంచి, కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ చేసేదాకా కర్నూలు, నంద్యాల, ఆదోని వైపు నుంచి నాకు ఫోన్లే ఫోన్లు. చుట్టాలు, చుట్టాల పక్కింటోళ్ళు, మా పాత లెక్చరర్లు, అందరూ అడిగేది ఒకటే, "మావానికి సీఎస్ఈ రాలే, ఈసీఈ వస్తాంది, ఇంక సాఫ్ట్‌వేర్ మీద ఆశ వదులుకోవల్సిందేనా నాయనా" అని (సీఎస్ఈ అంటే కంప్యూటర్ సైన్స్, ఈసీఈ అంటే ఎలక్ట్రానిక్స్ బ్రాంచి). నేను బెంగళూరులో బ్యాకెండ్ డెవలపర్‌ని, ఫ్రెషర్లని ఇంటర్వ్యూ చేయడం కూడా నా పనిలో భాగమే, కాబట్టి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: సీఎస్ఈ లేకపోతే ప్రోగ్రామర్ కాలేరు

వాస్తవం: కంప్యూటర్ సైన్స్‌లో అన్నిటికన్నా పెద్ద గౌరవం ట్యూరింగ్ అవార్డు. దాన్ని 1994లో అందుకున్న రాజ్ రెడ్డి గారు మన సీమ మనిషే, చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు, మద్రాసు గిండీ కాలేజీలో ఆయన బీఈ చేసింది సివిల్ ఇంజినీరింగ్‌లో, 1958లో. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఉంది కదా, దాన్ని నడిపే యూనివర్సిటీ ఆర్జీయూకేటీకి మొదటి ఛాన్సలర్ కూడా ఆయనే. "అప్పట్లో సీఎస్ఈ అనే బ్రాంచే లేదు కదా" అంటారేమో, సరే, సత్య నాదెళ్ల మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్, సుందర్ పిచాయ్ ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివింది మెటలర్జీ.

పెద్దోళ్ళ సంగతి పక్కన పెట్టి మన పిల్లల సంగతికొస్తే, సర్వీస్ కంపెనీలు (వేరే కంపెనీలకి సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేవి) వందల్లో ఫ్రెషర్లని తీసుకునేటప్పుడు చాలావరకు బీటెక్ ఏ బ్రాంచి అయినా అప్లై చేయనిస్తాయి, వాళ్ళు మొదట చూసేది 60 శాతం ఉందా, బ్యాక్‌లాగ్‌లు ఏమన్నా ఉన్నాయా అని. అట్లని అన్ని బ్రాంచిలూ ఒకటేనని నేను చెప్పను, ఎందుకంటే అది కూడా అబద్ధమే. సీఎస్ఈ వాళ్ళకి డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్, నెట్‌వర్క్స్ టైంటేబుల్‌లోనే వస్తాయి, ఈసీఈ పిల్లోడికి డిజిటల్ లాజిక్, మైక్రోప్రాసెసర్లు, కొంచెం సీ లాంగ్వేజ్ వస్తాయి గానీ మిగతావి సొంతంగా చదువుకోవాలి, సివిల్, మెకానికల్ వాళ్ళకైతే దాదాపు అన్నీ సొంతంగానే. పైగా వాళ్ళ బ్రాంచి సబ్జెక్టులు, ల్యాబులు, రికార్డులు అన్నీ అయినాక మిగిలిన టైంలో. అయ్యే పనే, కానీ రెండో ఏడాది నుంచే మొదలుపెట్టాలి, ఫైనల్ ఇయర్‌లో మూడు నెలల కోర్సుకి డబ్బులు కడితే అయ్యేది కాదు. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు, సీఎస్ఈ వాళ్ళకొచ్చే ఆ నాలుగు సబ్జెక్టుల మీదా ఫ్రీగా ఉన్నాయి, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

డిగ్రీ మీద సీఎస్ఈ అని ఉండి తీరాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. ఇస్రోలో కంప్యూటర్ సైన్స్ సైంటిస్ట్ పోస్టుకి ఆ బ్రాంచి బీటెక్కే అడుగుతారు. ప్రభుత్వ రంగంలో అట్లాంటి పోస్టులు కావాలనుకునేవాళ్ళు, అమెరికాలో ఎంఎస్ కంప్యూటర్ సైన్సే చేయాలని గట్టిగా అనుకున్నవాళ్ళు సీఎస్ఈ కోసమే పట్టుబట్టడంలో తప్పులేదు.

అపోహ: సీఎస్ఈ సీటొచ్చింది కదా, ఇంక ఢోకా లేదు

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఇంటర్వ్యూల్లో నేను ఒక చిన్న ప్రశ్న అడుగుతా. లక్ష ఫోన్ నంబర్ల లిస్టు ఉంది, అందులో రెండుసార్లు వచ్చిన నంబర్లు ఏవో చెప్పే ప్రోగ్రామ్ రాయి, నీకు ఇష్టమైన లాంగ్వేజ్‌లో. చాలామంది ఒక లూప్ లోపల ఇంకో లూప్ పెట్టి ప్రతి నంబర్నీ దాని తర్వాత వచ్చే అన్ని నంబర్లతో పోలుస్తారు, పది నంబర్లతో టెస్ట్ చేస్తే కరెక్టుగానే వస్తుంది కాబట్టి అయిపోయింది సార్ అంటారు. లక్ష నంబర్లకి ఎన్ని పోలికలు జరుగుతాయమ్మా అని అడిగితే మౌనం. లెక్కేస్తే దాదాపు 500 కోట్లు. అదే చూసిన నంబర్లని ఒక సెట్‌లో (ఒక నంబరు తనలో ఉందో లేదో వెతక్కుండా వెంటనే చెప్పేది) వేసుకుంటా పోతే లిస్టు ఒక్కసారి చదివితే చాలు, ప్రతి నంబరుకీ ఇది సెట్‌లో ఉందా లేదా అని ఒక్క ప్రశ్న, అంటే లక్ష ప్రశ్నలు. ఈ సెట్ వెనకున్న హ్యాషింగ్ అనే చాప్టర్ వాళ్ళు చదివారు, యూనిట్ నంబరుతో సహా చెప్తారు, పది మార్కుల ప్రశ్నకి జవాబు కూడా రాసుంటారు, దాన్ని ఎక్కడ వాడాలో మాత్రం ఎవరూ చేయించలేదు.

ఎందుకంటే చాలా కాలేజీల్లో ల్యాబ్ అంటే రికార్డు రాయడం. సీనియర్ రికార్డు తెచ్చుకుని ప్రోగ్రామ్‌ని పెన్నుతో ఎక్కించి, అవుట్‌పుట్ కూడా అందులోంచే దించి, సంతకం పెట్టించుకుని, వైవాలో రెండు డెఫినిషన్లు చెప్తే మార్కులు పడిపోతాయి. నాలుగేళ్ళు అట్లా గడిచిన సీఎస్ఈ పిల్లోడికన్నా, హాస్టల్లో కూర్చొని రోజూ ఒక గంట కోడ్ రాసి, ఎర్రర్ వస్తే ఎందుకొచ్చిందో వెతికి పట్టుకున్న ఈఈఈ (ఎలక్ట్రికల్ బ్రాంచి) అమ్మాయి నా ముందు చాలా మెరుగ్గా నిలబడింది, ఆమెనే తీసుకున్నాం కూడా. ఎర్రర్ మెసేజ్ కనపడగానే కంగారు పడకుండా పైనుంచి కిందికి చదివింది, ఏ లైన్ నంబరు దగ్గర ఆగిందో చూసింది, అక్కడ విలువ ఏముందో చూడటానికి ఒక ప్రింట్ పెట్టింది, అంతే, నాకు కావాల్సింది కూడా అదే.

అందుకే పేరు కూడా వినని కాలేజీలో సీఎస్ఈనా, అనంతపురం జేఎన్‌టీయూ క్యాంపస్‌లో ఈసీఈనా అని అడిగితే నేను ఆలోచించకుండా రెండోదే చెప్తా. చుట్టూ చదివే పిల్లలు ఉంటారు, దారి చూపించే సీనియర్లు ఉంటారు, కంపెనీలు ఆ గేటు లోపలికి వస్తాయి.

అపోహ: ఏఐ అండ్ ఎంఎల్ అని పేరుంటే ఏఐ ఉద్యోగం గ్యారంటీ

వాస్తవం: సీఎస్ఈ పక్కన బ్రాకెట్లో ఏఐ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఐఓటీ అని ఇప్పుడు చాలా బ్రాంచిలు ఉన్నాయి. చాలా కాలేజీల సిలబస్ పక్కపక్కన పెట్టుకుని చూడండి, మొదటి రెండేళ్ళు దాదాపు ఒకటే, తేడా మూడో ఏడాది నుంచి కొన్ని సబ్జెక్టుల్లో వస్తుంది. కాబట్టి మామూలు సీఎస్ఈ రాక ఇది వచ్చిందని ఏడవాల్సిన పనిలేదు, ఇది వచ్చిందని ఎగరాల్సిన పనీ లేదు. అసలు ఎంఎల్, అంటే మెషిన్ లెర్నింగ్ (డేటా చూసి కంప్యూటర్ నేర్చుకునేలా చేయడం), నిలబడేది లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, కాలిక్యులస్ మీద, బీటెక్‌లో ఎం1, ఎం2 అని పిలుచుకునే ఆ మ్యాథ్స్ పేపర్లని సప్లీలో గట్టెక్కించి ఏఐ ఇంజినీర్ అవుతానంటే కుదరదు. ఆ సబ్జెక్టులు చెప్పేవాళ్ళు కాలేజీలో ఎవరున్నారు అనేది బ్రాంచి పేరుకన్నా ముఖ్యం, చాలాచోట్ల పాత సీఎస్ఈ స్టాఫే చెప్తున్నారు.

అపోహ: బీఎస్సీ, బీసీఏ చదివితే చిన్న ఉద్యోగాలే

వాస్తవం: మొదటి జీతంలో తేడా ఉంటుంది, కొన్ని కంపెనీల తలుపులు బీటెక్ వాళ్ళకే తెరుచుకుంటాయి, అది ఒప్పుకోవాలి. కానీ దారి మూసుకుపోదు. డిగ్రీ తర్వాత చేసే ఎంసీఏ ఇప్పుడు రెండేళ్ళే, మన రాష్ట్రంలో ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరొచ్చు, డిగ్రీలో మ్యాథ్స్ బాగా చదివినవాళ్ళు నిమ్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే వరంగల్ లాంటి ఎన్‌ఐటీల్లో ఎంసీఏ చేయొచ్చు. విప్రో బీఎస్సీ, బీసీఏ వాళ్ళని ఉద్యోగంలో పెట్టుకుని ఎంటెక్ చదివించే ప్రోగ్రామ్ నడుపుతోంది. మద్రాసు ఐఐటీ ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్‌కి జేఈఈ అక్కర్లేదు, కర్నూల్లోనే డిగ్రీ చేస్తూ పక్కన అది చేయొచ్చు, అయితే తేలిక కోర్సనుకుని చేరకండి, వారం వారం అసైన్‌మెంట్లు ఉంటాయి. ఇంట్లో బీటెక్ ఫీజు కట్టే పరిస్థితి లేదని చిన్నబుచ్చుకునే పిల్లలకి ఈ సంగతి గట్టిగా చెప్పాలని నాకు ఉంటుంది.

అపోహ: తెలుగు మీడియం వాళ్ళకి కోడింగ్ రాదు

వాస్తవం: ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో ఉండే ఇంగ్లీష్ మాటలు కొన్ని పదులు. పైథాన్ అనే లాంగ్వేజ్‌లో ఆ మాటలు, అంటే కీవర్డ్‌లు, నలభై కూడా లేవు. ఇంగ్లీష్ కావాల్సింది డాక్యుమెంటేషన్ చదవడానికి, టీమ్‌తో మాట్లాడటానికి, అది రెండేళ్ళలో అలవాటయ్యేదే.

అపోహ: ఏఐ కోడ్ రాసేస్తోంది, ఇంక కంప్యూటర్స్ చదవడం వేస్ట్

వాస్తవం: మేం రోజూ వాడుతున్నాం, రాస్తోంది, నిజమే. అది రాసినదాంట్లో తప్పెక్కడుందో పట్టుకోవాలంటే మాత్రం మనకి తెలియాలి. పైన చెప్పిన 500 కోట్ల పోలికల కోడ్‌ని ఏదైనా టూల్ రాసిచ్చినా పది నంబర్లతో టెస్ట్ చేస్తే బాగానే కనపడుతుంది మరి. పనిలో చేరిన కొత్తలో పిల్లలకి ఇచ్చే చిన్న చిన్న పనులు తగ్గుతున్నాయి, కాబట్టి బేసిక్స్ ముందుకన్నా గట్టిగా ఉండాలి.

అపోహ: పొలం అమ్మైనా మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ కొనాలి

వాస్తవం: మన రాష్ట్రంలో ప్రైవేట్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా (ర్యాంకుని బట్టి కౌన్సెలింగ్‌లో వచ్చేవి), 30 శాతం మేనేజ్‌మెంట్. అన్నా, అక్కా, వదినా, ఎవరైనా సరే, ఆ 30 శాతంలో సీటుకోసం ఎకరా బేరం పెట్టేముందు ఒక్కసారి ఆ కాలేజీకి క్లాసులు జరిగే రోజు పోయి చూడండి. ల్యాబ్‌లో ఎన్ని కంప్యూటర్లు ఆన్ అవుతున్నాయి, ఇంటర్నెట్ ఉందా, పిల్లలు కోడ్ రాస్తున్నారా రికార్డు రాస్తున్నారా, సీఎస్ఈలో ఎన్ని సెక్షన్లున్నాయి, వాటికి ఎంతమంది స్టాఫ్ ఉన్నారు. ఆఫీసు రూంలో ఇచ్చే ప్లేస్‌మెంట్ పాంప్లెట్ కాదు, క్యాంటీన్ దగ్గర ఫైనల్ ఇయర్ పిల్లల్ని అడగండి, మీ క్లాసులో ఎంతమందికి ఆఫర్ లెటర్ వచ్చింది, అందులో ఎంతమంది జాయినయ్యారు అని, ఆ రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి. కన్వీనర్ కోటాలో ఈసీఈ, ఈఈఈ వస్తూ ఉంటే అది తీసుకుని, మిగిలిన డబ్బులో ఒక మంచి ల్యాప్‌టాప్, నాలుగేళ్ళ ఇంటర్నెట్ ఇప్పించండి, పొలం పొలంలాగే ఉంటుంది.