డబ్బా కొనేముందు బ్యాక్ కంప్రెషన్ చూడండి

చిరంజీవులు చిన్నా, బబ్లూలకు,

విజయవాడ నుంచి పెదనాన్న ఆశీస్సులు.

మీ సుబారు కారు ఇంజిన్ పొగలోంచి నూనె పట్టడానికని మీరు కొన్న ఎర్ర అల్యూమినియం డబ్బా (క్యాచ్ క్యాన్) ఫోటోలు చూశాను. పైకి ముద్దుగానే ఉంది. మూత విప్పి తీసిన ఫోటో చూశాకే నవ్వొచ్చింది. లోపల ఏమీ లేదు కదరా! ఒక గొట్టం లోపలికి, ఇంకోటి బయటికి, మధ్యలో ఖాళీ. నూనె పొగ ఇటు దూరి అటు పోతుంది, అంతే. దాన్ని తిరిగి పంపేయండి.

ఏది కొనాలో తర్వాత చెబుతాను. ముందు ఆ పొగ ఎక్కడిదో తెలియాలి. పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా, మండిన గ్యాస్ కొంత వాటి పక్కనుంచి జారి కిందికి, క్రాంక్ ఉండే గదిలోకి దిగుతుంది. దీన్ని మేం ఆటోనగర్‌లో బ్యాక్ కంప్రెషన్ అంటాం, మీ అమెరికాలో బ్లో-బై అంటారు. అది అక్కడ నూనె తుంపరలతో కలిసి ఒత్తిడి పెంచుతుంది, కాబట్టి బయటికి దారి ఉండి తీరాలి. పాతకాలం బళ్లకి ఒక గొట్టం పెట్టి రోడ్డు మీదికి వదిలేసేవారు. కాలిఫోర్నియాలో కాలుష్యపు పొగమంచు భరించలేక, 1961లో ఆ గ్యాస్‌ని మళ్లీ ఇంజిన్‌లోకే పంపి కాల్చాలన్నారు. ఆ గ్యాస్‌ని ఇంజిన్‌లోకి మళ్లించే పీసీవీ వాల్వ్ కార్లలోకి అలా వచ్చింది.

ఈ దారి మూసుకుపోతే ఏమవుతుందో నాకు ఒక లారీ నేర్పింది. షెడ్డు పెట్టిన కొత్తలో, బ్రీదర్ గొట్టం నుంచి నూనె కారుతోందని ఒకాయన బండి తెచ్చాడు. రింగులు మార్చాలంటే డబ్బుల్లేవన్నాడు. నేను తెలివిగా గొట్టంలో గుడ్డ కుక్కి పంపాను. నందిగామ దాటకముందే వెనక ఆయిల్ సీల్ ఊడి, క్లచ్ ప్లేటు నూనెలో నానిపోయింది. రింగులకయ్యే దానికి రెట్టింపు నా జేబులోంచి పోయింది.

కాబట్టి ముందు ఇంజిన్ చూడండి. వేడెక్కి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆయిల్ మూత తీయండి. సన్నగా ఆవిరి వస్తే సరే. రైలింజన్‌లా గుప్పుగుప్పుమని కొడితే ఏ డబ్బా పెట్టినా దండగే. కంప్రెషన్ టెస్ట్ చేయించండి, నాలుగు సిలిండర్ల అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి. అనుమానం ఉంటే గాలి ఎక్కడ కారుతోందో చూసే లీక్‌డౌన్ టెస్ట్ కూడా. సిలిండర్‌లోకి గాలి కొట్టినప్పుడు ఆయిల్ మూత దగ్గర చెవి పెడితే బుస్సుమంటోందంటే రింగుల పనే. మీ కారుకి ప్లగ్గులు తీయడమే ఒక యజ్ఞం, తెలుసు. అయినా చేయండి. మీ సుబారు ఈజే257 ఇంజిన్లలో నాక్ (పెట్రోల్ వేళకాని వేళ తనంతట తానే పేలడం) వచ్చి పిస్టన్ మీద రింగులు కూర్చునే గట్టు విరగడం బాగా పేరుమోసిన జబ్బు.

ఆ నాక్‌కీ ఈ నూనెకీ చుట్టరికం ఉంది. మామూలుగా నడిపేటప్పుడు సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉంటుంది, పీసీవీ తెరుచుకుని గ్యాస్‌ని లాగేస్తుంది. బబ్లూ గట్టిగా తొక్కితే టర్బో గాలిని ఒత్తి లోపలికి తోస్తుంది (అదే బూస్ట్), పీసీవీ మూసుకుంటుంది. అప్పుడు గ్యాసంతా క్రాంక్ గది, హెడ్ కవర్ల గొట్టాల్లోంచి టర్బో నోట్లోకి పోతుంది. అక్కడి నుంచి ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, ఆ తర్వాత సిలిండర్. పెట్రోల్‌తో పాటు నూనె మండితే ఆక్టేన్, అంటే నాక్‌ని తట్టుకునే గుణం, పడిపోయినట్టే. పైగా మీది బాక్సర్ ఇంజిన్, సిలిండర్లు పడుకుని ఉంటాయి. ట్రాక్ మీద పెద్ద మలుపులో నూనె ఒక పక్క హెడ్‌లోకి ఎగబాకి, తుంపర కాదు, ధారే గొట్టంలోకి పోతుంది. మీరు ఆఫీసుకి వెళ్లొచ్చే బండికైతే ఈ ఖర్చు వద్దనేవాణ్ణి. ట్రాక్ డేలకి తీసుకెళ్తున్నారు కాబట్టి ఒప్పుకుంటున్నాను.

ఇక ఎంపిక. క్యాచ్ క్యాన్ అంటే నూనె పట్టి ఉంచే డబ్బా, నిండాక మీరే ఒంపుకోవాలి. సెపరేటర్ అయితే నూనెని విడదీసి తిరిగి ఇంజిన్‌కే పంపుతుంది. రెండింట్లోనూ పని చేసేవి లోపలి అడ్డు పలకలే. అన్నం గిన్నె మూతకి ఆవిరి తగిలి చుక్కలై కిందికి జారుతుంది చూడండి, ఇదీ అంతే. ఎన్నిసార్లు మలుపు తిరిగితే అంత నూనె దిగుతుంది. గిన్నెలు తోమే పీచు కుక్కి సరిపెట్టే ఆలోచన మాత్రం చేయకండి, ఆ ముక్కలు ఊడి టర్బోలోకి పోతాయి.

మిషిగన్ చలికి నా ఓటు సెపరేటర్‌కే, అదీ ఇంజిన్ చుట్టూ తిరిగే కూలెంట్ నీళ్లతో వెచ్చబడే రకానికి. ఆ గ్యాస్‌లో నీటి ఆవిరి కూడా ఉంటుంది. చల్లటి డబ్బాలో అది నూనెతో కలిసి కాఫీరంగు మీగడలా తయారవుతుంది, రాత్రికి గడ్డకట్టి దారి మూసేస్తుంది. నా గుడ్డముక్క కథే మళ్లీ! డబ్బా వేడిగా ఉంటే నీరు ఆవిరిగానే దాటిపోయి ఇంజిన్‌లో కాలుతుంది, నూనె ఒక్కటే దిగుతుంది. ఎవరో చెప్పినట్టు గొట్టం గాలిలోకి వదిలేద్దామనకండి. రోడ్డు మీద తిరిగే కారుకి అక్కడి చట్టం ఒప్పుకోదు, కారంతా నూనె కంపు. రేసుల్లో కూడా ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటార్ రేసుల సంస్థ) వాళ్లు, గ్యాస్‌ని బయటికి వదిలే ఇంజిన్‌కి డబ్బా ఉండాల్సిందే అంటారు. 2,000 సీసీ దాటితే కనీసం 3 లీటర్లది. మీది దాదాపు 2,457 సీసీ.

బిగించేటప్పుడు అందరూ తప్పు చేసేది గొట్టాల దగ్గర. రేడియేటర్ గొట్టం నీళ్ల కోసం చేసిన రబ్బరు, నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. నూనె వైపు నైట్రైల్ గొట్టమే వేయండి. కంపెనీ ఇచ్చిన గొట్టం కన్నా సన్నది ఎక్కడా వాడకండి. డబ్బాని టర్బోకి దూరంగా, వీలైనంత ఎత్తులో పెట్టండి. నూనె తిరిగి దిగేది దాని బరువుతోనే, కింద నుంచి ఇంజిన్ ఒత్తిడి ఎదురు తోస్తుంటుంది కూడా.

వాడకంలో లేని నాజిళ్లకి (గొట్టాలు తగిలించే ముక్కులకి) మూతలు పెట్టి క్లిప్పులు వేయండి. లోపలికొచ్చే గాలిని కొలిచే సెన్సర్ దాటాక దొంగగాలి దూరితే ఐడిల్ తడబడుతుంది, మీరు డబ్బాని తిట్టుకుంటారు. పీసీవీ వాల్వ్‌ని ఊపి చూడండి, టకటకలాడాలి. ఎలాగూ కొత్తదే వేసేయండి, పెద్ద ధర కాదు. ఇంజిన్ చల్లారాకే కూలెంట్ గొట్టం విప్పండి, బిగించాక హీటర్ ఫుల్‌లో పెట్టి గాలి బుడగలన్నీ పోయేదాకా ఓపిక పట్టండి. సుబారుల్లో గాలి మొండిగా దాక్కుంటుంది. ఒక వారం తిరిగాక క్లిప్పులన్నీ మళ్లీ చూడండి, ఆయిల్ మట్టం కూడా.

నాన్నని లైటు పట్టుకోమనండి, రెంచి మాత్రం ఇవ్వకండి, వాడి సంగతి నాకు తెలుసు. పనయ్యాక నాకు కారు ఫోటో వద్దు. నూనె తిరిగి దిగే గొట్టాన్ని పక్క నుంచి ఫోటో తీసి పంపండి. అది ఎక్కడైనా ఉయ్యాలలా వేలాడిందా, ఆ పల్లంలో నూనె నిలిచిపోతుంది. ఫోన్ చేసి విప్పిస్తాను.

ఉంటాను,
మీ పెదనాన్న