అట్ట మీద పేరు, లోపల కుట్టు: ప్రత్యేక బైబిళ్ల నేపథ్యం

యోహాను సువార్త 3:16ను ఎర్ర సిరాతో వేయాలా, నల్ల సిరాతోనా? నీకొదేముతో యేసు మాటలు 15వ వచనంతో ఆగిపోయాయని, తర్వాతవి సువార్త రాసినవాడివని కొందరు పండితులంటారు. 21 దాకా యేసువేనని మరికొందరంటారు. గ్రీకు ప్రాచీన ప్రతుల్లో కొటేషన్ గుర్తులు లేవు కాబట్టి తేల్చే దారి లేదు. అయినా యేసు మాటలను ఎర్రగా, మిగతావి నల్లగా అచ్చువేసే ఎర్ర అక్షరాల బైబిలు వేసేవాళ్లు ఏదో ఒక రంగు ఎంచుకోక తప్పదు. ఒక వర్గం పాఠకుల కోసమో, ఒక ఉద్దేశంతోనో వేసే ఏ ప్రత్యేక బైబిలైనా ఇంతే. వచనం మారదు, దాని చుట్టూ ఎవరో తీసుకున్న నిర్ణయం అచ్చవుతుంది.

వచనం చుట్టూ ఏం వేయాలన్న ఈ తగువు పాతదే. 1560లో వచ్చిన జెనీవా బైబిలు మార్జిన్ల నిండా వ్యాఖ్యలే. వచనాలకు అంకెలు, పటాలు, చదవడానికి తేలికైన రోమన్ అక్షరాలు, చేతిలో పట్టే సైజు ఉండటంతో ఇంగ్లిషు ఇళ్లలోకి అదే వెళ్లింది. నిర్గమకాండము 1:19 దగ్గర, ఫరో మాట వినని మంత్రసానుల అవిధేయత న్యాయమేనని ఓ వ్యాఖ్య ఉంది. రాజును ధిక్కరించడం న్యాయమంటే ఏ రాజు ఊరుకుంటాడు? 1604లో హాంప్టన్ కోర్టు అనే రాజభవనంలో జరిగిన సమావేశంలో ఇంగ్లాండు రాజు జేమ్స్ ఈ వ్యాఖ్యలను తప్పుపట్టాడు. ఆయన చేయించిన 1611 అనువాదంలో (కింగ్ జేమ్స్ బైబిలు) హీబ్రూ, గ్రీకు మాటల వివరణ తప్ప మార్జిన్‌లో ఇంకేమీ రాయకూడదన్న నియమం అలా పుట్టింది.

ఒక వర్గం పాఠకుల కోసమే వేసినవాటిలో బాగా పాతది 1643 నాటి సైనికుల జేబు బైబిలు. ఇంగ్లాండు అంతర్యుద్ధంలో పార్లమెంటు సైన్యానికి వేసిన ఈ 16 పేజీల పుస్తకంలో ఉన్నవి యుద్ధానికి పనికొచ్చే వచనాలే. ఎర్ర అక్షరాలు న్యూయార్క్ పత్రికా సంపాదకుడు లూయీ క్లాప్ష్ ఆలోచన. లూకా 22:20లోని రక్తం మాట చదివి, 1899లో క్రొత్త నిబంధనను, 1901లో మొత్తం బైబిలును అలా వేయించాడు. 1909లో స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలు వ్యాఖ్యలను మళ్లీ వచనం కిందికే తెచ్చింది. 2008 నాటి గ్రీన్ బైబిలులో ప్రకృతి ప్రస్తావన ఉన్న వచనాలు ఆకుపచ్చ రంగులో ఉంటాయి. 2014లో గాలి ఎదురు తిరిగింది. వచనాల అంకెలు, వ్యాఖ్యలు అన్నీ తీసేసి, మామూలు పుస్తకంలా కొన్ని సంపుటాలుగా వేస్తానన్న 'బిబ్లియోథెకా' పథకానికి జనం పది లక్షల డాలర్లకు పైగా చందాలిచ్చారు.

వాళ్లు కోరుకున్నది హాయిగా చదువుకోగల పేజీ. అక్కడ అసలు చిక్కు కాగితంతోనే. 1400 పేజీలంటే 700 కాగితాలు. నోట్‌బుక్ కాగితం వాడితే మందం సుమారు అయిదు సెంటీమీటర్లు. అందుకే 28 నుంచి 40 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) పలుచటి కాగితం వాడతారు. ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ ఇలాంటి పలుచటి కాగితమైన ఇండియా పేపర్ మీద బైబిలు వేసింది 1875లో. పలుచన అయ్యేకొద్దీ వెనక పేజీ అక్షరాలు నీడలా కనిపిస్తాయి. దీనికి మందు రెండు రకాలు: కాగితంలో టైటానియం డయాక్సైడ్ లాంటి తెల్ల పొడి కలపడం, రెండు వైపులా పంక్తులు ఒకదాని వెనక ఒకటి సరిగ్గా పడేలా పేజీ అమర్చడం. రెండోది చేయని పుస్తకంలో పంక్తుల మధ్య ఖాళీ బూడిద రంగులో కనబడుతుంది.

తెలుగులో ఇది మరింత కష్టం. పైన గుడి, కింద వత్తు. 'రాష్ట్రము' కింద 'స్త్రీ' వస్తే రెండూ ఢీకొనకుండా పంక్తుల మధ్య ఎడం పెంచాలి. ఎడం పెంచితే పేజీలు పెరుగుతాయి, పేజీలు పెరిగితే కాగితం ఇంకా పలుచన చేయాల్సి వస్తుంది. పలుచన చేయడానికీ ఓ హద్దుంది కాబట్టే పెద్ద అక్షరాల బైబిలు అంత బరువుంటుంది. ఎర్ర సిరా అయితే రెండోసారి అచ్చు పడాలి. కాగితం అరమిల్లీమీటరు జరిగినా ఎర్ర పంక్తి పక్క నల్ల పంక్తి మీదికి వాలుతుంది. సిరా పలచబడితే గులాబీ రంగులోకి దిగి, సాయంత్రం ఆరాధన వెలుతురులో అస్సలు ఆనదు.

కొనేటప్పుడు అట్ట మీద పేరు కంటే వెన్ను చూడటం మేలు. పై నుంచి చూస్తే మడతల కట్టలు విడివిడిగా కనబడాలి, ఒక కట్ట మధ్య విప్పితే దారం కనబడాలి. దారం లేకుండా జిగురుతోనే అతికిస్తే మొదట ఊడేవి ఆదికాండము, ప్రకటన గ్రంథము. ఆదికాండము మొదటి పేజీ విప్పి బల్లమీద పెడితే చేయి తీసినా మూసుకోకూడదు. బాండెడ్ లెదర్ అంటే తోలు ముక్కలను పొడిచేసి జిగురుతో కలిపిన పలక. మడత దగ్గర పగులుతుంది. పాలియురేథేన్ రెక్సిను కోస్తా ఉక్కలో కొన్నేళ్లకు జిగటగా మారి పొలుసులు రాలుతుంది. మేకతోలు బాగా మన్నుతుంది, ధర కూడా అలాగే ఉంటుంది. జిప్ అట్ట తీసుకుంటే జిప్‌కీ పేజీల అంచుకీ మధ్య చిటికెన వేలు దూరేంత ఖాళీ ఉందో లేదో చూడాలి. లేకపోతే జిప్ వేసినప్పుడల్లా మూలలు మడత పడతాయి.