ఏఐ ఇన్వర్టర్ పెడితే సోలార్ కరెంట్ పెరుగుతుందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఇంటి మీద సోలార్ పెట్టించుకునేవాళ్లు ఈ మధ్య ధర కంటే ముందు "ఏఐ ఉందా సార్?" అని అడుగుతున్నారు. అడగడం మంచిదే, కానీ అది ఎక్కడ పనికొస్తుందో తెలిసి డబ్బు పెట్టండి.

అపోహ: తెలివైన కంట్రోలర్ ఉంటే 540 వాట్ల ప్యానెల్ 540 వాట్లూ ఇచ్చేస్తుంది.

ఇవ్వదు. ఆ 540 చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండలో, ప్యానెల్‌లోని సోలార్ సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిచిన లెక్క. మే నెల రెంటచింతలలోనో రామగుండంలోనో సెల్ 65 డిగ్రీలకు చేరిందనుకోండి, డిగ్రీకి 0.35 శాతం తగ్గుదల వేసుకున్నా 14 శాతం పోయి 465 దగ్గర ఆగుతుంది. ఉన్న ఎండకి, ఉన్న వేడికి ప్యానెల్ ఎంత ఇవ్వగలదో అంతా రాబట్టడమే ఎంపీపీటీ (గరిష్ఠ పవర్ వచ్చే వోల్టేజ్‌ని వెతికి పట్టుకునే కంట్రోలర్) పని, అంతకు మించి ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు. ప్యానెల్ కింద గాలి ఆడేలా స్ట్రక్చర్ కట్టించుకోండి, అది నిజంగా పనిచేస్తుంది.

అపోహ: ఎంపీపీటీలో వాడే పాత పర్టర్బ్ అండ్ అబ్జర్వ్ (కదిపి చూడటం) పద్ధతికి కాలం చెల్లింది.

నీడ లేని డాబా మీద, ఎండ నిలకడగా ఉన్నప్పుడు మంచి ఇన్వర్టర్ ఈ పద్ధతితోనే ప్యానెల్ ఇవ్వగలిగిన పవర్‌లో 99 శాతం దాకా పట్టేస్తుంది, ఇంక ఏఐకి మిగిలేది ఎంత? వోల్టేజ్‌ని కొంచెం కదిపి పవర్ పెరిగితే అటే వెళ్లడం, తగ్గితే వెనక్కి రావడం, ఇంతే దాని పద్ధతి. మబ్బులు పరుగెత్తే రోజున మాత్రం తడబడుతుంది, ఎండ రావడం వల్ల పెరిగిన పవర్‌ని తన కదలిక వల్లే అనుకుని తప్పు వైపు పోతుంది. ఏఐ పద్ధతుల్లో ఒకటైన ఫజీ లాజిక్ లాభం ఏంటంటే, గరిష్ఠానికి దూరంగా ఉంటే పెద్ద అడుగు, దగ్గరపడ్డాక చిన్న అడుగు వేస్తుంది.

అపోహ: నీడ పడితే కంట్రోలర్ ఏమీ చేయలేదు.

అసలు తెలివి కావాల్సింది ఇక్కడే. ఒక్కోటి 40 వోల్టులు, 10 ఆంపియర్ల ప్యానెల్స్ పది ఒకే స్ట్రింగ్‌లో (ఒకదాని తర్వాత ఒకటి కలిపిన వరుసలో) ఉన్నాయనుకోండి, సాయంత్రం వాటర్ ట్యాంక్ నీడ పడి రెండింటికి సగం ఎండే అందుతోంది. ఇప్పుడు వోల్టేజ్‌ని బట్టి పవర్ ఎలా మారుతుందో చూపే గీతలో రెండు శిఖరాలు వస్తాయి. పది ప్యానెల్సూ కలిసి 5 ఆంపియర్లతో నడిస్తే సుమారు 2,100 వాట్లు, ఆ రెండింటినీ బైపాస్ డయోడ్లు (నీడ పడ్డ ప్యానెల్‌ని దాటి కరెంట్ పోవడానికి దారి ఇచ్చేవి) పక్కన పెట్టి మిగతా ఎనిమిది 320 వోల్టుల దగ్గర పూర్తి కరెంట్‌తో నడిస్తే 3,200 వాట్లు. మామూలు పద్ధతి, కళ్లకు గంతలతో గుట్ట ఎక్కే మనిషిలాగా, ముందు దొరికిన చిన్న శిఖరం మీదే ఆగిపోవచ్చు, అంటే మూడో వంతు గాలికి పోయినట్టే. పార్టికల్ స్వార్మ్ లాంటి ఏఐ పద్ధతులు ఒకదాని తర్వాత ఒకటిగా చాలా వోల్టేజ్‌ల దగ్గర వెతికి పెద్ద శిఖరాన్ని పట్టుకుంటాయి, ఆ తర్వాత దాని మీద నిలబడటానికి మళ్లీ పాత పద్ధతే చాలు. చాలా ఇన్వర్టర్లలో మొత్తం గీతను అప్పుడప్పుడు స్కాన్ చేసే షేడ్ సెట్టింగ్ ఉంటుంది, కొన్నింటిలో ఆఫ్‌లోనే వస్తుంది, మీ ఇన్‌స్టాలర్‌తో దగ్గరుండి ఆన్ చేయించండి. అసలు ట్యాంక్‌నే జరపగలిగితే ఇంకా మంచిది.

అపోహ: డేటా చూసి నేర్చుకునే ఏఐ, అంటే న్యూరల్ నెట్‌వర్క్, అన్నిటికన్నా మేలు.

శిక్షణకి వాడిన డేటాలాగే మీ ప్యానెల్ ప్రవర్తిస్తేనే. దుమ్ము, పక్షి రెట్టలు, వయసు పడ్డ సెల్స్ వస్తే దాని అంచనా తప్పుతుంది, అందుకే చివర్లో సరిదిద్దే మామూలు లూప్ ఒకటి లేకుండా నేనైతే నమ్మను.

అపోహ: చిన్న సిస్టమ్‌కి పీడబ్ల్యూఎం (ప్యానెల్‌ని బ్యాటరీ వోల్టేజ్ దగ్గరే నడిపే సాదా చార్జ్ కంట్రోలర్) చాలు.

37 వోల్టుల దగ్గర పనిచేసే 330 వాట్ల ప్యానెల్‌ని పీడబ్ల్యూఎంతో 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే, కంట్రోలర్ దాన్ని 13 వోల్టుల దగ్గరికి లాగేస్తుంది, చేతికొచ్చేది 120 వాట్లే. మామూలు ఎంపీపీటీ పెట్టినా మిగతాది దాదాపు అంతా దక్కుతుంది, ఏఐ అక్కర్లేదు.

అపోహ: మధ్యాహ్నం పవర్ పడిపోతే ఎంపీపీటీ పాడైనట్టే.

బ్యాటరీ నిండినా, ఇన్వర్టర్ తన కెపాసిటీ అంచుకి చేరినా, అది కావాలనే గరిష్ఠం నుంచి పక్కకి జరుగుతుంది. ఇన్వర్టర్ యాప్‌లో గ్రిడ్ ఓవర్ వోల్టేజ్ (కరెంట్ లైన్‌లో వోల్టేజ్ మరీ ఎక్కువైంది) అని కనిపిస్తే మాత్రం, ఇన్వర్టర్ మార్చకండి, ముందు ఇన్వర్టర్ నుంచి మీటర్ వైపు వెళ్లే కేబుల్ సన్నగా ఉందేమో చూపించి, అది సరిగ్గానే ఉంటే లైన్‌మన్‌ని పిలిచి ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్ కొలిపించండి.